టిక్కులు తీసే పెట్టెలు: కొనేముందు ఏం చూడాలి, మొరాయిస్తే ఏం చేయాలి

ఎల్పీ మీద గీత పడితే వచ్చే టిక్కుల్ని పాట నడుస్తుండగానే పట్టి తీసేసే పెట్టెలు కొన్నేళ్ళుగా దొరుకుతున్నాయి. అమెరికాలో స్వీట్‌వినైల్ తెచ్చిన షుగర్‌క్యూబ్ ఎస్‌సీ-1, దాని చిన్న రూపమైన మినీ, పార్క్స్ ఆడియో వారి పఫిన్ ఈ తరంలో పేరున్నవి. 1970ల చివర్లో వచ్చిన ఎస్‌ఏఈ 5000, గరార్డ్ ఎంఆర్‌ఎం-101 సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా చేతులు మారుతున్నాయి. ముందే తీర్పు చెప్పేస్తాను. రికార్డు శుభ్రంగా కడిగి, లెవెల్ సరిగ్గా పెట్టుకున్నవాళ్ళకు కొత్త తరం పెట్టెలు పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తాయి. ‘పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పెట్టెలో దొరకదు. ముల్లులోనో, ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే ఫోనో స్టేజిలోనో, వైరింగులోనో దొరుకుతుంది. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా ఆ వెతుకులాటకే కేటాయించాను.

పెట్టె చేసేదేమిటంటే, వచ్చే సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చి (ఎస్‌సీ-1 దీన్ని 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో చేస్తుంది), సంగీతానికి పొంతన లేకుండా ఒక్కసారిగా ఎగిసిన చోట్లను గుర్తించి, ఆ ముక్కను కోసేసి, అటూ ఇటూ ఉన్న ధ్వనిని బట్టి అక్కడ ఏముండాలో లెక్కగట్టి నింపుతుంది. మిగతా పాట జోలికి పోదు. టిక్కు రాకముందే దాని సంగతి తెలియాలి కాబట్టి సిగ్నల్‌ను కాస్త ఆపి పంపుతుంది. ఈ ఆలస్యం తెలియక చాలామంది కంగారు పడుతుంటారు. ఒక స్పీకరు జతను నేరుగా ఫోనో స్టేజి నుంచీ, ఇంకో జతను పెట్టె ద్వారా నడిపితే రెండూ కలవవు, ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. సబ్‌వూఫర్‌కు వేరే దారిలో సిగ్నల్ ఇచ్చినా ఇదే తంతు. రిపేరు అక్కర్లేదు, అన్నీ పెట్టె తర్వాత నుంచే తీసుకోవాలి.

కొనేటప్పుడు నేను మొదట చూసే సౌకర్యం ఒకటే: పెట్టె తీసేసిన చప్పుడును మాత్రమే విడిగా వినే వీలుందా? షుగర్‌క్యూబ్‌లో ఇది యాప్ నుంచే దొరుకుతుంది. పాత ఎస్‌ఏఈ 5000లో కూడా ఇందుకోసం ‘ఇన్‌వర్ట్’ అనే బటన్ పెట్టారు. ఇది లేని పెట్టెతో సర్దుబాటు చేయడం గుడ్డిగా చేయడమే. సెన్సిటివిటీని (ఎంత చిన్న ఎగుడును టిక్కుగా పట్టాలో పెట్టెకు చెప్పే కంట్రోలు) మధ్యలో పెట్టి, ఈ మోడ్‌లోకి వెళ్ళి, మీకు బాగా తెలిసిన ఒక పాట మొత్తం వినండి. చిన్నచిన్న పొడి టిక్కులు మాత్రమే వస్తుంటే సరిగ్గా ఉన్నట్టు. ఆ టిక్కుల్లో తాళం వినిపించిందంటే పెట్టె సంగీతాన్ని తింటోంది. ఒక మెట్టు తగ్గించి మళ్ళీ వినండి. తాళం పూర్తిగా మాయమయ్యే మెట్టే ఆ రికార్డుకు సరైన మెట్టు.

మన రికార్డుల దగ్గర ఇది మరీ ముఖ్యం. హరికథ రికార్డు వేసి సెన్సిటివిటీ పైకి జరిపితే చిడతల చప్పుడు మొద్దుబారిపోతుంది. ఎందుకంటే చిడత దెబ్బకూ గీత దెబ్బకూ మొదటి మిల్లీసెకనులో పెద్ద తేడా కనపడదు. మృదంగం చాపు, ఘటం మీద వేలి దెబ్బ, వీణ మీటు మొదలు, అన్నిటికీ ఈ ప్రమాదం ఉంది. అందరికంటే కష్టపెట్టేది నాదస్వరం. పీకతో మోగే వాద్యాలలోనూ, ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలలోనూ ధ్వని తరంగం సన్నటి మొనలతో క్రమం తప్పకుండా వస్తుంది. ఒక్కో మొననూ టిక్కుగా పొరబడితే ఒక స్వరం మీదే సెకనుకు వందల దిద్దుబాట్లు జరుగుతాయి. చెవికి అది గరగరగా, గొంతు బొంగురు పోయినట్టుగా వినిపిస్తుంది. దాన్ని ‘డిస్టార్షన్ వస్తోంది, పెట్టె పాడైంది’ అని సపోర్టుకు రాయకండి. బైపాస్ (టిక్కులు తీయకుండా సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు పంపే బటన్) నొక్కి వినండి. బైపాస్‌లో శుభ్రంగా ఉంటే సెన్సిటివిటీ తగ్గించండి, బైపాస్‌లోనూ గరగరలాడితే అది అరిగిన గాడి. అరిగిన గాడిని ఏ పెట్టే బాగు చేయలేదు.

లెవెల్, వైరింగ్

ముల్లు బిగించి ఉండే భాగమే కార్ట్రిడ్జి. సాధారణ ఎంఎం (కదిలే అయస్కాంతం) కార్ట్రిడ్జి 5 మిల్లీవోల్టుల దాకా ఇస్తుంది. ఫోనో స్టేజి 40 డెసిబెల్ పెంచితే అది 0.5 వోల్టు. బిగ్గరగా ఉన్న చోట్ల దీనికి నాలుగైదు రెట్లు, అంటే 2 నుంచి 2.5 వోల్టుల దాకా పోతుంది. పెట్టె ఇన్‌పుట్ లెవెల్‌ను ఈ గట్టి చోట్లను చూసి పెట్టుకోవాలి. రికార్డులో అన్నిటికంటే బిగ్గరైన భాగం వేసి మీటరు -6 డెసిబెల్ దగ్గర తాకేలా చేయండి. గీతల దెబ్బలకు మీటరు ఎర్రబడినా పట్టించుకోనక్కర్లేదు, ఆ ముక్క ఎలాగూ తీసి పారేసేదే. సంగీతానికి ఎర్రబడితే మాత్రం మొనలు తెగిపోయి కొత్త పొరపాట్లు పుట్టుకొస్తాయి. ఇంకా సన్నటి సిగ్నల్ ఇచ్చే ఎంసీ (కదిలే తీగచుట్ట) కార్ట్రిడ్జి కోసం 60 డెసిబెల్‌లో ఉంచిన స్విచ్చి ఎంఎం కార్ట్రిడ్జి బిగించాక కూడా అక్కడే ఉండిపోవడం దీనికి తరచూ కనిపించే కారణం. అప్పుడు 0.5 వోల్టు రావలసిన చోట 5 వోల్టులు తయారవుతుంది.

లైన్ లెవెల్ పెట్టెకు, అంటే ఫోనో స్టేజి పెంచాక వచ్చే సిగ్నల్‌ను తీసుకునేదానికి, దారి ఇది: టర్న్‌టేబుల్, ఫోనో స్టేజి, పెట్టె, యాంప్లిఫయర్‌లో ఆక్స్ లేదా సీడీ ఇన్‌పుట్. కార్ట్రిడ్జిని నేరుగా పెట్టెకు కలిపితే పాట ఎక్కడో దూరంగా, బాస్ లేకుండా కీచుగా వస్తుంది. పెట్టె అవుట్‌పుట్‌ను యాంప్లిఫయర్ ఫోనో సాకెట్‌లో పెడితే బుడబుడమంటూ చెవులు పగిలేలా మోగుతుంది. వాల్యూం సున్నాలో ఉంచి కలపడం అలవాటు చేసుకుంటే స్పీకర్లు బతుకుతాయి. ఫోనో లోపలే ఉన్న యాంప్లిఫయరైతే టేప్ అవుట్ నుంచి పెట్టె ఇన్‌లోకి, పెట్టె అవుట్ నుంచి టేప్ ఇన్‌లోకి తీగలు వేసి టేప్ మానిటర్ నొక్కాలి. ఆ రెండు తీగలూ తారుమారైతే నిశ్శబ్దం. రికార్డింగ్ సెలెక్టర్ టేప్ మీదే ఉంటే సిగ్నల్ తన చుట్టూ తానే తిరిగి ఊళ పెడుతుంది. పఫిన్‌లో ఫోనో స్టేజి లోపలే ఉంది, కార్ట్రిడ్జి నేరుగా దానికే వస్తుంది కాబట్టి ఈ గొడవల్లో సగం ఉండవు. పైగా అది ముందు డిజిటల్ చేసి తర్వాత ఆర్‌ఐఏఏ సవరణ (రికార్డు తయారీలో తగ్గించిన బాస్‌ను పెంచి, పెంచిన కీచు ధ్వనిని తగ్గించడం) చేస్తుంది. ఆర్‌ఐఏఏ దగ్గర 20 కిలోహెర్ట్జ్ ధ్వని దాదాపు 20 డెసిబెల్ తగ్గి టిక్కు మొన మొద్దుబారుతుంది. అందువల్ల సవరణకు ముందే టిక్కును పట్టడం సులువు. కొత్తగా మొదలుపెట్టేవారికి నా ఓటు ఈ తరహా పెట్టెకే. ఇప్పటికే మంచి ఫోనో స్టేజి కొనుక్కున్నవారు దాన్ని వదులుకోలేరు గనుక షుగర్‌క్యూబ్ మినీ లాంటిది చూడాలి.

టిక్కులు పోవడం లేదంటే

గడియారం పెట్టుకుని టిక్కుకూ టిక్కుకూ మధ్య వ్యవధి చూడండి. 33⅓ ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు, 45 ఈపీకి 1.33, 78కి 0.77. సరిగ్గా ఆ వ్యవధిలో వస్తే గాళ్ళకు అడ్డంగా పడిన గీత అది, పెట్టె పట్టుకోవలసిన సరుకే. మళ్ళీ అదే పాట వేసినప్పుడు టిక్కులు వేరే చోట్ల వస్తే స్టాటిక్. హైదరాబాదులో చలికాలం పొడి గాలికి ఇది ఎక్కువ. కార్బన్ బ్రష్షు, కాగితపు కవరు తీసేసి యాంటీస్టాటిక్ లోపలి కవరు వేయడం దానికి మందు. ముల్లు పైకెత్తి, వాల్యూం అలాగే ఉంచి అయిదు నిమిషాలు కూర్చోండి. అప్పుడూ టిక్కుమంటే రికార్డుకు సంబంధం లేదు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడో, ఫ్యాను రెగ్యులేటర్ తిప్పినప్పుడో వస్తోందేమో గమనించండి. ఆ చప్పుడు పెట్టెకు ముందు చేరితే పెట్టె తీసేస్తుంది. ఆన్‌లో ఉండగా కూడా వినిపిస్తోందంటే పెట్టె తర్వాత, అంటే యాంప్లిఫయర్ వైపు నుంచి చొరబడుతోంది. అక్కడ వెతకాలి.

మొదటి పాటలో శుభ్రంగా పనిచేసి చివరి పాటలో టిక్కులు వదిలేస్తోందని ఇంకో ఫిర్యాదు. లెక్క చూడండి. పన్నెండంగుళాల రికార్డు అంచు దగ్గర గాడి ముల్లు కింద నుంచి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల వేగంతో పోతుంది. లేబుల్ దగ్గర 21కి పడిపోతుంది. 0.1 మిల్లీమీటరు వెడల్పున్న గీత అంచు దగ్గర 0.2 మిల్లీసెకన్లు మోగితే లోపల 0.5 మిల్లీసెకన్లు మోగుతుంది. అదే గీత, రెండింతలకు పైగా పొడుగు. నింపాల్సిన ఖాళీ పెరిగేకొద్దీ ఏ లెక్కైనా తడబడుతుంది. చివరి పాటకు ఒక మెట్టు పెంచుకోవడం ఇక్కడ న్యాయమే.

టిక్కు పోయి ‘డబ్’ మనే మెత్తటి దెబ్బ మిగిలితే గీత లోతుగా ఉందని అర్థం. ముల్లు ఎగిరిపడి టోన్‌ఆర్మ్ ఊగిన చప్పుడు అది, పదుల మిల్లీసెకన్లు సాగుతుంది, టిక్కు కోసం వెతికే యంత్రానికి చిక్కదు. ఫోనో స్టేజిలో సబ్‌సోనిక్ ఫిల్టరుంటే (చెవికి అందనంత మంద్రమైన ఊపుల్ని ఆపేది) వేయండి, కొంత తగ్గుతుంది. గాడి దాటి దూకే రికార్డుకు ఈ పెట్టెలతో పనే లేదు.

ఎడతెగని చిటపట వస్తుంటే ముందు నీళ్ళ దగ్గరికి వెళ్ళండి. వానాకాలం అటక మీద గడిపిన మన ఎల్పీలకు గాళ్ళలో బూజు ఉంటుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రికార్డులు కడగడానికి అమ్మే ద్రావణం సీసా మీద చెప్పినంత వేసి, మెత్తటి కుచ్చు బ్రష్షుతో గాడి తిరిగిన దిక్కుకే రుద్ది, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ కడిగి, నీడన నిలబెట్టి ఆరనివ్వాలి. లేబుల్‌కు తడి తగలనీయకండి. 78 రికార్డులు లక్కతో చేసినవి, వాటికి స్పిరిట్ తగిలితే పైపొర కరిగిపోతుంది. వాటి ద్రావణంలో ఆల్కహాల్ లేదని సీసా మీద చదివి మరీ వాడండి. ముల్లు కొసను కూడా వెనక నుంచి ముందుకు బ్రష్షుతో తుడవండి. కడగని రికార్డు మీద పెట్టె సెకనుకు వందల దిద్దుబాట్లు చేస్తూ పోతుంది. టిక్కులు తగ్గుతాయి కానీ పాట మీద ముసుగు కప్పినట్టుంటుంది, నింద పెట్టె మీద పడుతుంది.

పెట్టెలోనే తప్పు ఉన్నప్పుడు

ఒక వైపు స్పీకరు ఆగిపోతే ముందు పెట్టె ఇన్‌పుట్ దగ్గర ఎడమ, కుడి తీగలు మార్చండి. ఆగిన వైపు కూడా మారితే తప్పు పెట్టెకు ముందు ఉంది. మారకపోతే అవుట్‌పుట్ తీగలు అలాగే మార్చి చూడండి. ఇప్పుడు మారితే తప్పు పెట్టెదే, అప్పుడూ మారకపోతే యాంప్లిఫయర్‌దో స్పీకరుదో. పెట్టెదని తేలి, బైపాస్‌లో ఒక వైపు పోయి ఆన్‌లో రెండూ వస్తుంటే బైపాస్ రిలే (కరెంటుతో పనిచేసే లోపలి స్విచ్చి) కాంటాక్టుల మీద అనుమానం. వాడక లేక పేరుకున్న పొర అయితే బైపాస్‌ను ఇరవై ముప్పై సార్లు నొక్కితే వదులుతుంది. మళ్ళీ మళ్ళీ వస్తుంటే రిలే మార్చాల్సిందే, మూసి ఉన్న రిలేలోకి కాంటాక్ట్ క్లీనర్ వెళ్ళదు.

హమ్మింగ్ వస్తే పెట్టెను తప్పించి ఫోనో స్టేజిని నేరుగా యాంప్లిఫయర్‌కు కలపండి. పోయిందంటే ఎర్తు చుట్టు, అంటే పరికరాల ఎర్తులు ఒకటికి మించిన దారుల్లో కలిసి వలయం కట్టాయన్నమాట. అన్ని ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చండి, పెట్టెకు లాన్ వైరుంటే పీకి వైఫైకి మారండి. చాలాసార్లు ఆ వైరే దోషి. టర్న్‌టేబుల్ సన్నటి ఎర్తు తీగ ఫోనో స్టేజి మరకే బిగించాలి, పెట్టెకు కాదు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచి హమ్ పోగొట్టుకోమనే సలహా ఎవరిచ్చినా వినకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

పాట మధ్యలో ఆగి ఆగి వస్తే వేడి చూడండి. ఎండాకాలం మూసిన షోకేసులో, అదీ వాల్వ్ యాంప్లిఫయర్ నెత్తిన పెడితే ప్రాసెసరున్న ఏ పెట్టైనా నీరసిస్తుంది. చుట్టూ నాలుగు వేళ్ళ జాగా వదలండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో పెట్టె రీస్టార్ట్ అవుతుంటే కంప్యూటర్ యూపీఎస్ మీద పెట్టండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే పెట్టె మళ్ళీ లేవకపోవచ్చు. అడాప్టరు మార్చాల్సి వస్తే వోల్టేజి, ఆంపియర్లతో పాటు పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ కూడా పాతదానితో సరిపోల్చండి.

యాప్‌కు పెట్టె కనబడకపోతే ఫోనూ పెట్టే ఒకే వైఫైలో ఉన్నాయా, రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ మీద ఉన్నాయా చూడండి. గెస్ట్‌లో పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా ఉంచడం మామూలే. ఫోన్‌లో వీపీఎన్ ఆపండి. ఐఫోనైతే సెట్టింగుల్లో ఆ యాప్‌కు లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఉందో లేదో చూడండి. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

పాత పెట్టెలు, సాఫ్ట్‌వేర్

ఎస్‌ఏఈ 5000, గరార్డ్ ఎంఆర్‌ఎం-101 చూడటానికి ముచ్చటగా ఉంటాయి. సోల్డరింగ్ చేతనైతే తప్ప కొనమని చెప్పను. వయసు నలభై అయిదేళ్ళు దాటింది, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, జారుడు కంట్రోలు గరగరలాడుతుంది. ఈ రెండింటికీ మందుంది. ఆలస్యం కోసం ఆ కాలం పరికరాల్లో వాడిన బకెట్ బ్రిగేడ్ చిప్పుల్లాంటివి కాలిపోతే బదులు దొరకడం గగనం. అమెరికా మోడల్ 120 వోల్టులది, 230లో పెడితే ఆ క్షణమే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 100 వీఏది చాలు. లోపల మోటారు లేదు కాబట్టి 50 హెర్ట్జ్‌తో ఇబ్బంది లేదు. 78ల మీద పనిచేసేవారికి మాత్రం ప్యాక్‌బర్న్ అనే పాత పరికరం పేరు చెప్పాలి. మోనో గాడికి ఉన్న రెండు గోడల్లో ఏ క్షణాన ఏది తక్కువ చప్పుడు చేస్తే దానికి మారుతూ పోతుందది. ఆలోచన ఇప్పటికీ గట్టిది.

పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడమే మీ ఉద్దేశమైతే పెట్టె అక్కర్లేదు. ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో క్లిక్ రిమూవల్ మొదట థ్రెషోల్డ్ 200, స్పైక్ విడ్త్ 20 దగ్గర ఉంటుంది, అక్కడి నుంచే మొదలుపెట్టండి. థ్రెషోల్డ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ టిక్కులు పడతాయి. ఒంటరి గీతలకు రిపేర్ అనేది ఇంకా మేలు, కానీ ఒకసారికి 128 శాంపిల్స్ వరకే తీసుకుంటుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో అది 2.9 మిల్లీసెకన్లు, 192లో 0.67 మాత్రమే. 192లో ఎక్కించుకుని ‘రిపేర్ పనిచేయట్లేదు’ అని తల పట్టుకునేవారికి జవాబు అదే.

సపోర్టుకు రాసేటప్పుడు

‘టిక్కులు వస్తున్నాయి’ అని ఒక్క ముక్క రాస్తే వెనక్కి ప్రశ్నలే వస్తాయి, వారం పోతుంది. ఒకే పాటలో ఒకే ముప్పై సెకన్లను మూడుసార్లు రికార్డు చేయండి: బైపాస్‌లో, ఆన్‌లో, తీసేసిన చప్పుడు మాత్రమే వినే మోడ్‌లో. ఎంపీ3 చేయకండి, వేవ్ ఫైలుగానే పంపండి. ఎంపీ3 టిక్కు మొనను చెరిపేస్తుంది. ఫర్మ్‌వేర్ అంకె, సీరియల్ నంబరు, కార్ట్రిడ్జి పేరు, ఫోనో స్టేజి గెయిన్, పెట్టెలో ఇన్‌పుట్ లెవెల్, సెన్సిటివిటీ మెట్టు, తీగలు ఎలా కలిపారో చేత్తో గీసిన బొమ్మ ఫోటో జత చేయండి. ముల్లు ఎత్తినప్పుడు ఏం జరుగుతోందో కూడా రాయండి.

అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవారు వారంటీ కొన్నవారికేనా, ఏ దేశంలో చెల్లుతుంది అన్నది ఈమెయిల్‌లో రాయించుకోవాలి. అడాప్టరు మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో పెట్టె విప్పకముందే అడగండి. రిపేరుకు బయటికి పంపాల్సి వస్తే రిపేరు చేయించి తిరిగి తెచ్చుకోవడానికే పంపుతున్నామని సీరియల్ నంబరుతో సహా ఎగుమతి కాగితాల్లో రాయించండి. కొన్నప్పటి బిల్లు, కస్టమ్స్ సుంకం కట్టిన రసీదు దాచి ఉంచండి. ఆ కాగితాలు లేకుండా తిరిగొచ్చిన పెట్టెను కస్టమ్స్ వాళ్ళు కొత్త సరుకుగా లెక్కేసి పూర్తి విలువ మీద సుంకం అడుగుతారు.